నిశ్చింత ధ్రువపత్రం

గంజాయి తాగినవాణ్ణి జైల్లో పెట్టే ప్రభుత్వం, ఇకమీదట గంజాయి తానే అమ్ముతానని ప్రకటించిన పూట నేను మా పిండిమరలో చోళ్ళు ఆడిస్తున్నాను. మర చప్పుడులో రేడియో సరిగ్గా వినపడలేదు. వినపడ్డంతలో నాకు అర్థమైందేమిటంటే, పెద్దవాళ్ళు కూర్చుని ఆలోచించారు, మన మంచికే ఏదో చేస్తున్నారు.

నేను పదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. చుట్ట కూడా ముట్టను. అయినా వాళ్ళు చెప్పిన కారణాలు ఒక్కొక్కటీ వింటే సబబుగానే తోచాయి. నిషేధం పెట్టినందువల్ల తాగేవాడు మానలేదు. అమ్మేవాడు మేడ కట్టాడు. కొండమీంచి మూట మోసుకొచ్చిన కుర్రవాడు మాత్రం జైలుకు పోయాడు. ఏవేవో కలిపిన సరుకు పీల్చి జనం జబ్బు పడ్డారు. అదేదో ప్రభుత్వమే శుభ్రంగా, హద్దులో పెట్టి అమ్మితే ఈ బాధలు తప్పుతాయన్నారు. కాదనడానికి నా దగ్గర మాట లేదు. సోమవారంనాడు శివాలయంలో దీపం పెట్టి, “స్వామీ, ఇది నీకు తెలిసిన వ్యవహారం, నువ్వే చూసుకో” అని చెప్పుకుని ఇంటికి వచ్చేశాను.

చిక్కంతా ఆ ‘హద్దు’ దగ్గరే వచ్చింది.

హద్దు ఎక్కడ గీయాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ దేశాలన్నీ తిరిగి వచ్చి చెప్పిందేమిటంటే, మనిషి సరదాకు తాగితే హద్దులో ఉంటాడు, దిగులుకు తాగితే హద్దు దాటతాడు. అంచేత దిగులున్నవాడికి అమ్మకూడదు. చట్టానికి ‘వినోదార్థ సేవన క్రమబద్ధీకరణ చట్టం’ అని పేరు పెట్టారు. “సేవకుని మనస్సునందు ఏ విధమైన దిగులును లేదని ధ్రువీకరింపబడిన పిదప మాత్రమే సరుకు విక్రయించవలెను” అని అందులో రాశారు. దానికి ఇంకొక మెలిక కూడా ఉంది. ఇంట్లో ఒకరు వదిలిన పొగ అందరికీ తగులుతుంది గనక, ఒక పొయ్యి మీద వండుకు తినేవారందరినీ ఒక్క మనిషిగానే లెక్క వేయాలట. ఆ పొయ్యి కింద ఎవరికి దిగులున్నా ఇంటిల్లిపాదికీ ఉన్నట్టే.

మా సింగన్నవలసలో బస్టాండు ఎదురుగా వినోద కేంద్రం తెరిచారు. లేత ఆకుపచ్చ రంగు గోడలు, ఏసీ, మెత్తటి కుర్చీలు, చల్లటి మంచినీళ్ళు. లోపల రెండు గదులు. ఒకదాని మీద ‘విక్రయము’ అని, రెండోదాని మీద ‘దిగులు విచారణ’ అని బోర్డులు. దానికి అధికారిగా తేజేశ్వరరావు అనే కుర్రవాడు వచ్చాడు. పెద్ద చదువు చదివాడు, ఇదే మొదటి ఉద్యోగం. అందరినీ ‘అండీ’ అని పిలుస్తాడు, రిక్షా వాళ్ళతో సహా. అతనికి నిబంధనల పుస్తకమంటే నాకు భాగవతమంటే ఉన్నంత గురి.

మా మరలో బస్తాలు ఎత్తే సన్నాసి ఈ కేంద్రం తెరిచారని చాలా సంబరపడ్డాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ శ్మశానం వెనకాల దొంగచాటుగా చిలుం పీల్చేవాడు. ఇప్పుడు తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, పట్టపగలు బజారు మధ్య నుంచి నడిచి వెళ్ళాడు.

తేజేశ్వరరావు అతణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఎందుకు తాగదలిచారని అడిగాడట. సన్నాసి అబద్ధమాడే మనిషి కాదు. నడుం నొప్పికన్నాడు. నొప్పి అయితే వైద్యశాఖ కిందికి వస్తుంది, ఆసుపత్రికి వెళ్ళమన్నాడు ఆఫీసరు. నడుం ఒక్కటే కాదు, పెళ్ళాం పోయిన దగ్గర్నుంచీ సాయంత్రమైతే ఇంట్లోకి అడుగు పెట్టబుద్ధి కావడం లేదన్నాడు సన్నాసి. ఆఫీసరు కలం మూత తీసి, ఆ సంగతి మొదటి నుంచీ చెప్పమన్నాడు. సన్నాసి చెప్పాడు. భోజనాల వేళ దాకా చెప్పాడు. అంతా విని, రాసుకుని, ఆఫీసరు లేచి నిలబడి, మీకు దిగులున్నట్టు రుజువైంది గనక సరుకు ఇవ్వలేకపోతున్నందుకు చింతిస్తున్నానన్నాడు.

మర్నాడు సన్నాసి తెలివి తెచ్చుకుని, ఉత్త నవ్వుకోడానికే కావాలని అడిగాడు. అయితే ఒకసారి నవ్వమన్నారు. దానికొక డాక్టరు ఉన్నాడు, చేతిలో గడియారం.

“నవ్వమంటే నవ్వొత్తాదేటి బాబూ?” అని సన్నాసి నా దగ్గర వాపోయాడు. “ఆ డాట్రుబాబు నా మూతికాసే సూత్తన్నాడు. సివరాకరికి పళ్ళు బయటెట్టేను. ‘ఇది నవ్వు కాదు, పళ్ళు’ అని రాసీసినాడు.”

కేంద్రం పక్కనే సారా దుకాణం ఉంది. అక్కడ ఎవరినీ దిగులడగరు. ఇదేమిటి బాబూ అని నేను తేజేశ్వరరావును ఒకసారి మామూలుగానే అడిగాను. అది వేరే శాఖండి అన్నాడు. ఆ జవాబు వినగానే నాకు ఇక సందేహం లేకుండా పోయింది.

నెలలు గడిచాయి. కేంద్రంలో ఒక్క పొట్లం కూడా అమ్ముడుపోలేదు. దిగుల్లేనివాళ్ళు ఆ గడప ఎక్కరు, దిగులున్నవాళ్ళకు ఇవ్వరు. కానీ వింత చూడండి, హాలు మాత్రం పొద్దున్న తలుపు తీసిన దగ్గర్నుంచీ కిటకిటలాడుతోంది. అందరూ రెండో గది ముందే.

ఎందుకంటే నిబంధనల పుస్తకంలో ఇంకొక వాక్యం ఉంది. తిరస్కరింపబడినవాళ్ళు రేపు కోర్టుకు వెళ్ళి, మా మాట వినలేదని అంటారేమోనన్న భయంతో ఎవరో ముందుచూపున్న గుమాస్తా రాయించాడట. “అర్జీదారుని దిగులును మధ్యలో అడ్డుకొనక, సాంతము ఆలకించి, పిదప తిరస్కరించవలెను.” తేజేశ్వరరావు దాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. చెప్పేవాడు ఏడిస్తే ఏడుపు ఆగేదాకా కూర్చుంటాడు. సలహా ఇవ్వడు, ఎందుకంటే సలహా ఇచ్చే అధికారం అతనికి లేదు. తన కష్టం చెప్పడు, ఎందుకంటే ఆఫీసు వేళల్లో సొంత సంగతులు మాట్లాడకూడదు. ఈ ఊళ్ళో అలా వినే మనిషి అంతకుముందు ఒక్కడు కూడా లేడు.

సన్నాసి రోజు విడిచి రోజు వెళ్ళి తిరస్కరింపబడి వస్తున్నాడు. ముఖం తేటపడింది. శ్మశానం వెనక్కి పోతున్నావా అంటే తీరిక ఎక్కడుంది బాబూ అన్నాడు. శ్మశానం వెనకాల దొంగసరుకు అమ్మే మనిషి బేరాలు పడిపోయి, ఆ దిగులు చెప్పుకోడానికి అతనూ వచ్చి వరసలో కూర్చున్నాడు. ఆఫీసరు అతని మాటా సాంతం విన్నాడు.

ఈ రద్దీ చూసి పై అధికారులు సంతోషించలేదు. కమిషనరు గారి నుంచి ఒక కాగితం వచ్చింది. “విషయము: వినోద లక్ష్యసాధనలో వెనుకబాటు, సంజాయిషీ కోరుట గురించి. తమ కేంద్రమునందు ఇంతవరకు ఏ పౌరుడును వినోదింపనందున, ఇందుకు బాధ్యులైన వారిపై ఏల చర్య తీసుకొనరాదో తెలుపవలెను.” దాని వెనకే ఇంకొక ఉత్తర్వు. దిగుల్లేనివాళ్ళు వాళ్ళంతట వాళ్ళు రారు గనక ఇంటింటికీ వెళ్ళి వెతికి పట్టుకోవాలట.

సర్వే చేసే అమ్మాయి మా ఇంటికి వచ్చినప్పుడు నేను అరుగు మీద కూర్చుని శివసహస్రం చదువుకుంటున్నాను. మా ఆవిడ కనకం లోపల వంట చేస్తోంది. ఇంటి యజమాని ఎవరని అడిగింది. నేనేనన్నాను. అప్పులున్నాయా అంది. లేవన్నాను. జబ్బులున్నాయా అంది. స్వామి దయవల్ల లేవన్నాను. పిల్లలు? ఒక్కతే కూతురు, సాలూరులో సుఖంగా కాపురం చేసుకుంటోంది. నిద్ర పడుతుందా? నడుం వాలిస్తే చాలు. ఆ పిల్ల మొహంలో వెలుగు పెరుగుతూ వచ్చింది. ఆఖరికి, ఇంట్లో ఇంకెవరికైనా దిగులుందా అని అడిగింది.

“నేనుండగా ఇంకెవరికి దిగులమ్మా?” అన్నాను.

లోపల ఏదో గిన్నె జారిపడ్డ చప్పుడైంది. గిన్నెలన్నాక జారతాయి.

వారం తిరక్కుండా తేజేశ్వరరావే స్వయంగా వచ్చాడు. కొబ్బరికాయ, పూలదండ, బంగారు అంచున్న కాగితం ఒకటి తెచ్చాడు. ‘నిశ్చింత ధ్రువపత్రం’. జిల్లా మొత్తం జల్లెడ పడితే మీరొక్కరే తేలారండి అన్నాడు, కళ్ళనీళ్ళు తిరుగుతుండగా. కార్తీకం మూడో సోమవారం మంత్రిగారు వస్తున్నారట. ‘ప్రథమ విక్రయ మహోత్సవం’. వేదిక మీద మంత్రిగారు స్వహస్తాలతో నాకు చిలుం అందిస్తారు. నేను పీల్చి, డాక్టరు గారి గడియారం ఆగేలోగా నవ్వాలి.

కార్తీక సోమవారం నేను నక్షత్రాలు కనపడేదాకా మంచినీళ్ళు కూడా తాగను. భజన సమాజానికి పెద్దను. ఊరంతా చూస్తుండగా వేదిక మీద చిలుం పీల్చి నవ్వాలా?

“నేను చుట్ట కూడా ముట్టను బాబూ” అన్నాను.

“అదేనండి మీ అర్హత” అన్నాడు. “అయినా మీరు శివభక్తులు. ఆయనకు ప్రీతి అని వింటాం కదండీ.”

“ఆయన విషం కూడా మింగేడు. అదీ అమ్ముతారేటి?”

అతను కాసేపు ఆలోచించి, ప్రస్తుతానికి అలాంటి ప్రతిపాదన లేదండి అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే చెప్పాడు.

నేను రానంటే ఏమవుతుందని అడిగాను. అతను బాధపడుతూనే పుస్తకం తెరిచాడు. దిగుల్లేని మనిషి వినోదాన్ని కాదనడు. కాదన్నాడంటే లోపల దిగులేదో దాచిపెట్టాడన్నమాట. దాచిపెట్టాడంటే సర్వేలో తప్పుడు వాంగ్మూలం ఇచ్చాడన్నమాట. దానికి కేసు, ఆపైన మర లైసెన్సు రద్దు. ఒక్కటే దారి ఉందన్నాడు. సోమవారంలోగా మా ఇంట్లో దిగులుందని రుజువు చేసుకుంటే ధ్రువపత్రం రద్దు చేస్తారు.

అలా నేను దిగులు వెతుక్కోవడం మొదలుపెట్టాను. యాభై ఎనిమిదేళ్ళు వచ్చిన మనిషికి ఒక్క దిగులు దొరక్కపోతుందా అనుకున్నాను. దొరకలేదు. ముందుగా కనకాన్నే అడిగాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది.

“కనకం, నాకేమైనా దిగులుందంటావా?”

“ఉంటే మీకు తెలీదా?”

“తెలీకే అడుగుతున్నాను.”

“నా గురించి దిగులని రాయించుకోండి” అంది, చేట ఆపకుండానే.

“ఛ, నువ్వుండగా నాకేం దిగులు?” అన్నాను. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాను. ఆవిడ చేట కింద పెట్టి, సంచీ తీసుకుని బజారుకు వెళ్ళిపోయింది. ఈమధ్య ఆవిడ బజారుకు వెళ్తే తొందరగా రావడం లేదు. కూరలు మంచివి ఏరుకోవడానికి టైం పడుతుంది కాబోలనుకున్నాను. వచ్చేటప్పుడు మాత్రం కూనిరాగం తీస్తూ వస్తోంది.

మర్నాడు విచారణ గదికి నేనే వెళ్ళాను. ఈశ్వర సాక్షాత్కారం కాలేదనే దిగులుందని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు. తేజేశ్వరరావు సాంతం విన్నాడు. విని, దైవ సంబంధమైన దిగులు దేవాదాయశాఖ పరిధిలోదండి, వారి దగ్గర నుంచి అభ్యంతరం లేదని కాగితం తేవాలన్నాడు. దేవాదాయశాఖ వాళ్ళు సాక్షాత్కారం తమ పరిధిలో లేదన్నారు.

ఆ మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈ ధ్రువపత్రం వచ్చిన దగ్గర్నుంచీ అన్నం సహించడం లేదు, ఇదే నా దిగులన్నాను. అతను పుస్తకం తిప్పి చూపించాడు. “ప్రభుత్వ చర్యల వలన కలుగు దిగులును దిగులుగా పరిగణింపరాదు.” అలా పరిగణిస్తే రాష్ట్రంలో ఎవరికీ అమ్మలేమండి అన్నాడు. అందులో న్యాయం ఉందని నాకూ తోచింది.

నా అవస్థ చూసి సన్నాసికి జాలేసింది. “నా దిగులు సగం అట్టుకెల్లండి బాబూ” అన్నాడు. “ఉత్తినే ఇత్తాను. ఇప్పుడు నాకు ముందట్నాగ అంత అక్కర్నేదు.” తీసుకుందామనే అనుకున్నాను. కానీ దిగులు బదిలీ చెల్లదని పుస్తకంలో ఉంది.

మూడో సోమవారం వచ్చేసింది. తెల్లవారుజామున స్నానం చేసి, గుళ్ళో దీపం పెట్టి, స్వామి ఎదురుగా నిలబడ్డాను. “స్వామీ, ఎవరైనా వచ్చి దిగుళ్ళు తీసెయ్యమని అడుగుతారు. నేను ఒక్కటి ఇమ్మని అడుగుతున్నాను. చిన్నదైనా ఫరవాలేదు.” స్వామి ఏమీ అనలేదు. ఆయన కూడా సాంతం వినే రకమే.

హైస్కూలు మైదానంలో వేదిక కట్టారు. జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. నా పట్టుపంచె, విభూతి, మెడలో రుద్రాక్ష చూసి కమిషనరు గారు ముచ్చటపడ్డారు. మంత్రిగారు మాట్లాడుతూ, దిగులు లేని సమాజమే తమ ప్రభుత్వ ధ్యేయమని, దానికి తొలి మెట్టుగా దిగులు లేని ఒక వ్యక్తిని ఇప్పటికే సాధించామని, వచ్చే సంవత్సరానికి ఈ సంఖ్యను రెట్టింపు చేస్తామని ప్రకటించారు. చప్పట్లు కొట్టారు. ముందు వరసలో మా భజన సమాజం వాళ్ళందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. మృదంగం వాయించే రామినాయుడు కళ్ళజోడు తీసి జేబులో పెట్టేసుకున్నాడు, చూడలేక.

వెండి పళ్ళెంలో చిలుం వచ్చింది. డాక్టరు గడియారం సరిచేసుకున్నాడు. తేజేశ్వరరావు మైకు దగ్గర నిలబడి ఆఖరి నిబంధన చదివాడు. “ఈ పొయ్యి కింద దిగులు కలదని ఎరిగినవారు ఎవరైనను ఈ సభయందు ఉన్నయెడల ఇప్పుడే తెలుపవలెను.” పెళ్ళిలో మంత్రం చదివినట్టు చదివి, ఎవరూ లేవరన్న నమ్మకంతో పుస్తకం మూయబోయాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి కనకం లేచింది. చేతిలో కూరల సంచీ ఉంది. నేరుగా మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నలుగురిలో గొంతెత్తి మాట్లాడగా నేను వినలేదు.

“మా ఇంట్లో దిగులుంది బాబూ” అంది మంత్రిగారితో. “సర్వే పిల్ల ఈయన్ని అడిగింది. పొయ్యి దగ్గర కూచునేదాన్ని నేను. నన్నడగలేదు.”

నేను చిలుం మర్చిపోయాను.

మంత్రిగారు మర్యాదగానే, ఏం దిగులమ్మా అని అడిగారు.

“ఆఫీసరు బాబుకి చెప్పేను. ఆయన రాసుకున్నారు” అంది కనకం. “బజారుకెళ్ళినప్పుడల్లా చెప్పి వస్తన్నాను. ఇంకా ఉంది.”

అందరూ తేజేశ్వరరావు వైపు తిరిగారు. అతను నిబంధనల పుస్తకం రెండు చేతులతో పట్టుకున్నాడు. వెనక్కి తగ్గలేదు. ఈ అమ్మగారికి దిగులున్నట్టు పలుమార్లు రుజువైందనీ, పలుమార్లు సాంతం విని తిరస్కరించాననీ, అర్జీ పుట్టింటి పేరుతో ఉండటం వల్ల ఏ పొయ్యి కిందికి వస్తారో పోల్చుకోలేకపోయాననీ ఒప్పుకున్నాడు. అదేం దిగులో చెప్పమన్నారు మంత్రిగారు. విచారణలో విన్నది మూడో వ్యక్తికి చెప్పకూడదన్నాడు. మంత్రిగారికి చిరాకేసి, కనీసం ఆ భర్తకైనా చెప్పవచ్చు కదా అన్నారు.

“నిబంధనల ప్రకారం భర్త కూడా మూడో వ్యక్తేనండి” అన్నాడు తేజేశ్వరరావు, తలవంచుకుని.

అప్పుడు కమిషనరు గారు నా వైపు తిరిగారు. తమ భార్యకు దిగులున్న సంగతి తమకు తెలుసునా? నేను ఆవిడ ముఖంలోకి చూశాను. తెలీదండి అన్నాను. ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలుసునా? తెలీదండి. ఎందుకో ఊహించగలరా? చాలాసేపు ఆలోచించాను. లేనండి అన్నాను.

మంత్రిగారు, కమిషనరు గారు, తేజేశ్వరరావు పక్కకు వెళ్ళి పుస్తకం చూసి వచ్చారు. తెలిసి దాచి ఉంటే నేరం. తెలియకపోతే అది అజ్ఞానం. అజ్ఞానానికి చట్టంలో శిక్ష లేదు. కాబట్టి కేసు లేదు, మర లైసెన్సు జోలికి రారు, ధ్రువపత్రం మాత్రం అక్కడికక్కడే రద్దు. కమిషనరు గారు మైకు ముందుకు వచ్చి గంభీరంగా ప్రకటించారు. “విచారణానంతరం, కుటుంబ యజమాని యొక్క అజ్ఞానం సంపూర్ణమైనదిగా నిర్ధారించడమైనది.”

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత మైదానమంతా నవ్వింది. రామినాయుడు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని మరీ నవ్వాడు. సన్నాసి గట్టిగా నవ్వుతుంటే డాక్టరు అటు పరిగెత్తి, గడియారం చూసి, ఇది పళ్ళు కాదు, నవ్వే అని రాసుకున్నాడు. కమిషనరు గారు బుద్ధిమంతుడు. ఆ సాయంత్రమే నివేదిక పంపేశారట. “సరుకు వినియోగము లేకయే మండలమునందు వినోద లక్ష్యము నూటికి నూరుపాళ్ళు సాధింపబడినది.”

ఇంటికి వస్తూ దారిలో కూరల సంచీ నేను తీసుకున్నాను. కాస్త దూరం నడిచాక, ఏమిటి కనకం ఆ దిగులు అని అడిగాను.

“చెప్తాను గానీ మధ్యలో మాటాడకూడదు” అంది. “అక్కడ అదే రూలు.”

సరేనన్నాను. నక్షత్రాలు కనపడ్డాక, ఉపవాసం విడిచి, పొయ్యి దగ్గరే పీట వేసుకు కూర్చున్నాను. ఆ పీట మీద భోజనానికి తప్ప నేనెప్పుడూ కూర్చోలేదు. కనకం ఒక ఆవకాయ జాడీ గురించి మొదలుపెట్టింది. మా పెళ్ళయిన కొత్తలో పగిలిన జాడీ. అది పగలడం నాకు గుర్తే లేదు. జాడీదేముంది, ఇంకోటి కొంటే సరి అని చెప్పబోయి నోరు తెరిచాను. ఆవిడ ఆగి నా వంక చూసింది. నోరు మూసుకున్నాను. వినేకొద్దీ నాకు తేజేశ్వరరావు ఉద్యోగం ఎంత కష్టమైందో తెలిసి వచ్చింది. సలహా ఇవ్వకుండా ఉండడం ఉపవాసం కంటే కష్టం. ఇది జాడీ గురించి కాదని నాకు నాలుగోనాటికి గాని అర్థం కాలేదు.

వినోద కేంద్రం ఇంకా ఉంది. కాకపోతే విచారణ గదిలో ప్రభుత్వ సమయం వృథా అవుతోందని పైవాళ్ళు గుర్తించారు. దాన్ని మూసేసి, ఆ స్థలం కూడా కలిపి విక్రయం గదిని పెద్దది చేస్తున్నారు. ఇకమీదట దిగులు అడగరట, కాగితం మీద ‘లేదు’ అని వేలిముద్ర వేస్తే చాలట. తేజేశ్వరరావును బదిలీ చేశారు. వెళ్ళే ముందు మా ఇంటికి వచ్చి, కనకం పెట్టిన పెసరట్టు తిని, మీ అర్జీ అసంపూర్తిగా ఉండిపోయిందండి అని ఆవిడ దగ్గర నొచ్చుకున్నాడు. ఫరవాలేదు బాబూ, ఇంట్లో నడుస్తోంది అంది ఆవిడ.

ఇప్పుడు సాయంత్రం మర ఆపాక సన్నాసి వెంటనే లేచి వెళ్ళడం లేదు. పిండి దులుపుకుంటూ అక్కడే బస్తా మీద కూర్చుంటున్నాడు. ఆ కొత్త గదిలో వేలిముద్ర వెయ్యలేదా అని అడిగాను. “ఆడు ఏటీ అడగడు బాబూ, పొట్లం సేతిలో ఎట్టి పొమ్మంతాడు. అలాటిది నాకు సెసానం ఎనకాలే దొరికీది” అన్నాడు. నేనూ ఇంకో బస్తా లాక్కుని కూర్చున్నాను.

కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చింది. నడుం వాలిస్తే పట్టే నిద్ర ఇప్పుడు కాస్త ఆలస్యంగా పడుతోంది. స్వామి నా కోరిక తీర్చాడనే అనుకుంటున్నాను, నేను చిన్నదని అడిగితే ఆయన తన కొలతతో ఇచ్చాడు. ఇవాళ కూడా దీపం పెట్టి, పీట వేసుకుని కూర్చున్నాను.

“ఎక్కడిదాకా చెప్పేను?” అంది కనకం.

చెప్పాను. తప్పకుండా, ఎక్కడ ఆపిందో అక్కడి మాటతో సహా. ఆవిడ పొయ్యి మంట తగ్గించి, నా వైపు తిరిగి కూర్చుంది.